తిరుపతి నుంచి తలకోనకు ఒక్క రోజు: గైడు, జంతువులు, కొండల అందాలు, మోకాలి నొప్పి ఉన్న అమ్మ

రేణిగుంట_ప్రయాణికుడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. డిసెంబర్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి మా అన్నావదినలు, పిల్లలు వస్తున్నారు. గురువారం తిరుమల దర్శనం, శనివారం రాత్రి వాళ్ళ రైలు. మధ్యలో శుక్రవారం ఒక్క రోజు వాళ్ళకు మన కొండలూ అడవీ చూపించాలి. మొత్తం తొమ్మిది మందిమి. అమ్మకు 62, నాన్నకు 68. పిల్లలు ముగ్గురు, 6, 9, 13 ఏళ్ళ వాళ్ళు. అమ్మకు మోకాలి నొప్పి. చదునుగా ఉంటే బాగానే నడుస్తుంది, మెట్లంటే కష్టం.

ఒక ట్రావెల్స్ వాళ్ళు తలకోన, కైలాసకోన, హార్స్‌లీ హిల్స్ మూడూ ఒకే రోజులో చూపిస్తాం, గైడు కూడా వస్తాడు, జంతువులు కనబడేది గ్యారంటీ అంటున్నారు. నమ్మొచ్చా? అసలు గైడు అవసరమా? డిసెంబర్‌లో తలకోన జలపాతంలో నీళ్ళు ఉంటాయా? తిరిగి వచ్చేటప్పుడు చంద్రగిరి కోట మ్యూజియం కూడా చూపించాలని పిల్లల కోరిక. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

కొండదారి:

మూడూ ఒకే రోజు అన్న ప్యాకేజీని పక్కన పెట్టేయండి. మ్యాపు తీసి చూస్తే మీకే అర్థమవుతుంది. తలకోన తిరుపతికి 58 కిలోమీటర్లు, భాకరాపేట వైపు. కైలాసకోన పూర్తిగా వేరే దిక్కు, పుత్తూరు దాటి నారాయణవనం మండలంలో నగరి కొండల్లో ఉంది. హార్స్‌లీ హిల్స్ మదనపల్లె అవతల, ఒకవైపు ప్రయాణమే 130 కిలోమీటర్ల పైన. అన్నీ కలిపితే 350 కిలోమీటర్లు దాటుతుంది, అందులో రెండు ఘాట్లు. పిల్లలు రోజంతా బండిలోనే ఉంటారు, ఒక్కో చోట అరగంట దిగి ఫోటో తీసుకుని ఎక్కడమే. తలకోన ఒక్కటి పెట్టుకోండి. దానికే రోజు చాలదు.

నీళ్ళ సంగతి. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్ రాయి. ఆ రాతి పగుళ్ళలోకి దిగిన నీళ్ళు నెమ్మదిగా ఊరుతూ కిందికి వస్తాయి. అందుకే వాన ఆగిన చాలా రోజుల తర్వాత కూడా తలకోన పారుతుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళినవాళ్ళు సన్నటి ధార చూసి నిరాశపడి వస్తారు. డిసెంబర్ మొదటి వారం మంచి సమయం. కార్తీకం వెళ్ళిపోయి ఉంటే వనభోజనాల జనం కూడా ఉండరు. శుక్రవారం కావడం ఇంకా మేలు. ఆదివారం అయితే తొమ్మిదిన్నరకల్లా పాటలూ కేకలూ మొదలవుతాయి, ఇక పిట్ట కూడా కనబడదు.

జలపాతం ఎత్తు 270 అడుగులు, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైనదిగా చెప్పేది దీన్నే. ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపల ఉంది. 1989లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. కాబట్టి మీరు వెళ్ళేది పిక్నిక్ స్పాట్‌కు కాదు, రక్షిత అడవికి. బయల్దేరేటప్పుడే పిల్లలకు ఈ మాట చెప్పి తీసుకెళ్ళండి.

వేళలు ఇలా పెట్టుకోండి. పొద్దున ఐదున్నరకు తిరుపతి వదలాలి. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట ఘాటు, భాకరాపేట, అక్కడ కుడికి తిరిగి నెరబైలు, ఆ తర్వాత తలకోన. గంటా ముప్పావు పడుతుంది. ఏడుంబావు ప్రాంతంలో గేటు దగ్గర ఉంటే మొదటి రెండు గంటలు అడవికి ఇవ్వండి, జలపాతానికి కాదు. అందరూ నేరుగా నీళ్ళ దగ్గరికి పరుగెత్తుతారు, అక్కడే తప్పు జరుగుతుంది. జలపాతం పన్నెండింటికైనా అక్కడే ఉంటుంది. ఉడుతలూ పిట్టలూ పది దాటితే నీడల్లోకి పోతాయి. తొమ్మిదిన్నరకు టిఫిన్ తిని, పదికి జలపాతం దారి పట్టండి. ఒంటి గంటకు కింద భోజనం. మూడున్నరకు బండి కదలాలి. చీకటి పడకముందే ఘాటు దిగేయాలి.

ముందు రోజు తలకోన అతిథిగృహానికి ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి: గేటు ఎన్నింటికి తెరుస్తారు, నీళ్ళు ఎలా ఉన్నాయి, చెట్ల మధ్య కట్టిన తాళ్ళ వంతెన ఆ రోజు తెరిచి ఉంటుందా. ఆ వంతెన దాదాపు 240 మీటర్లు, నేలకు 35 నుంచి 40 అడుగుల ఎత్తు. మరమ్మతులున్నప్పుడు, గట్టి వాన పడినప్పుడు మూసేస్తారు. పిల్లలకు దాని మీద ఆశ పెట్టి, తీరా అక్కడికి వెళ్ళాక మూసి ఉంటే ఏడుపులు తప్పవు.

గైడు కావాలా అంటే, కావాలి. కానీ తిరుపతి నుంచి బండిలో వచ్చే గైడు కాదు. తలకోనలో పర్యాటకాన్ని అటవీశాఖతో కలిసి చూసేది వన సంరక్షణ సమితి, అంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. గేటు దగ్గర అడిగితే స్థానికుణ్ణి పంపుతారు. దారి చూపించడానికి గైడు అక్కర్లేదు, దారి ఎదురుగానే ఉంది. గైడు కావలసింది కళ్ళ కోసం. కొమ్మ మీద కదలకుండా కూర్చున్నదాన్ని అతను చూపించేదాకా మనకు అది కొమ్మే. బయల్దేరే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, మేం నిదానంగా నడుస్తాం, రెండు గంటలకు వస్తావా?" హడావుడిగా జలపాతం దాకా తీసుకెళ్ళి వదిలేసే ఒప్పందం మాత్రం వద్దు.

పిట్టలు_చెట్లు:

"జంతువులు గ్యారంటీ" అన్నవాళ్ళను రెండో మాట అడక్కుండా వదిలేయండి. శేషాచలంలో చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్కలు, కణితి, దుప్పి, కొండగొర్రె అన్నీ ఉన్నాయి. పగటిపూట, తొమ్మిది మంది గుంపుకు, మనుషులు తిరిగే దారిలో అవి కనబడటం అరుదు. కనబడకపోవడమే మంచిది కూడా. దేవాంగపిల్లి, అంటే పెద్ద కళ్ళుండే ఆ చిన్న జంతువు, పూర్తిగా రాత్రి జీవి. దాన్ని పగలు ఎవరైనా చేతిలో పెట్టుకుని చూపిస్తే పట్టుకుని హింసించినట్టే, అది నేరం. ఇంకో మాట. కొందరు "కలివికోడి చూపిస్తాం" అని కూడా చెబుతుంటారు. అంతరించిపోయిందనుకున్న ఆ అరుదైన పక్షిని 1986లో మళ్ళీ కనుగొన్నది కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో, లంకమల అడవి అంచున. అది తలకోన పక్షి కాదు.

మరి పిల్లలకు ఏం చూపించాలి? చాలా ఉంది. చిన్నవాటి మీద కళ్ళు పెట్టాలంతే.

మొదట బెట్లుడుత. ముక్కు నుంచి తోక చివరిదాకా మూడడుగులు ఉంటుంది. వీపు ఎర్రటి గోధుమ రంగు, పొట్ట లేత రంగు. దీన్ని నేల మీద వెతకొద్దు, ఎత్తైన చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి తాకే చోట పైకి చూడాలి. ముందు గూళ్ళు వెతకండి. కొమ్మ చీలిన చోట ఆకులూ పుల్లలూ కలిపి ఫుట్‌బాల్‌కు రెండింతలున్న ముద్దలా కనబడుతుంది. ఒక్కో ఉడుతకు ఒకటి కన్నా ఎక్కువ గూళ్ళుంటాయి. గూడు కనబడిందంటే ఆ చుట్టుపక్కల పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. గలగలమని గిలక్కాయ ఆడించినట్టు అరుపు వినబడితే అదే. పొద్దున్నా, సాయంత్రం ఎండ తగ్గాకా తిరుగుతుంది. మధ్యాహ్నం కొమ్మకు బోర్లా పడుకుని ఉంటుంది, తోక మాత్రం వేలాడుతూ కనబడుతుంది.

రెండోది బంగారు బల్లి. ఇది కూడా రాత్రి జీవే గానీ దాని జాడ పగలు చూడొచ్చు. నీటి చెమ్మ తగిలే బండల కింద, వాన నేరుగా పడని రాతి చూరు లోపలికి టార్చి వేయండి. రాతికి అంటుకుని బఠాణీ గింజంత తెల్లటి గుడ్లు గుంపుగా ఉంటాయి. చాలా ఆడబల్లులు ఒకే చోట పెడతాయి, ఏడాది తర్వాత ఏడాది అదే చోట. పిల్లలు బయటికొచ్చి పెంకులు రాలిపోయాక రాతి మీద గుండ్రటి తెల్ల మచ్చలు మిగులుతాయి. కొత్త గుడ్లు, పగిలిన పెంకులు, పాత మచ్చలు మూడూ ఒకే బండ మీద కనబడితే పిల్లలకు ఎన్నేళ్ళ సంసారమో చెప్పొచ్చు. వేలు పెట్టి తాకనివ్వకండి, పెంకు చాలా పలచన. బల్లి నిజంగా బంగారు రంగులో మెరిసేది జత కట్టే కాలంలో మగదే. మిగతా సమయంలో రాతి రంగులో కలిసిపోయే గోధుమ పసుపు. దీన్ని 1870లో శాస్త్రీయంగా వర్ణించినది బెడ్డోమ్ అనే అధికారి. మన తిరుమల కొండల మీద మాత్రమే పెరిగే పేరిత చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఆయన పేరే. పేరిత పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఎండకు కాగే రాతి వాలుల మీద పెరుగుతుంది. జలపాతం దగ్గర నీడలో దానికోసం వెతకొద్దు.

చెట్లలో రెండు తప్పకుండా చూపించండి. ఎర్రచందనం బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది. కాయ గుండ్రంగా అప్పడంలా, మధ్యలో గింజ. ఇది ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది ప్రధానంగా మన ఈ కొండల వరుసలోనే. కింద రాలిన పుల్ల ముక్కైనా జేబులో వేసుకోవద్దు. దారిలో చెక్‌పోస్టులున్నాయి, "పిల్లాడు ఏరుకున్నాడు" అన్న మాట అక్కడ చెల్లదు. రెండోది గిల్లతీగ. బాగా లావైన తీగ, చెట్టు నుంచి చెట్టుకు పాకుతూ, మెలికలు తిరుగుతూ పోతుంది. దాని చిక్కుడుకాయ మీటరుకు పైగా పొడవు పెరుగుతుంది. ఊయలలా ఉంది కదా అని పిల్లలు దాని మీద ఎక్కుతారు. ఎక్కనివ్వకండి, రోజూ వందమంది ఎక్కితే బెరడు ఊడి తీగ చస్తుంది.

పిట్టల మీద ఆసక్తి ఉంటే పసుపు గొంతు పికిలి కోసం చూడండి. దక్షిణ భారతంలో రాళ్ళ కొండల మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. రాతి పొదల్లో, జత జతగా. మామూలు పికిలి పిట్టకు తల నల్లన, దీనికి తలా గొంతూ పసుపే.

బైనాక్యులర్ కొనేపనైతే 8×42 తీసుకోండి. 10×50 బరువు, పిల్లల చేతిలో వణుకుతుంది, బొమ్మ నిలవదు. ముందు మామూలు కళ్ళతో పిట్టను చూసి, కళ్ళు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తేవడం ఇంటి మిద్దె మీద రెండు రోజులు ప్రాక్టీస్ చేయించండి. లేకపోతే వాళ్ళు దాన్ని సర్దుకునేలోపు పిట్ట ఎగిరిపోతుంది.

రేణిగుంట_ప్రయాణికుడు:

ఇద్దరికీ చాలా థాంక్స్. ప్యాకేజీ వద్దని చెప్పేశాను. ఇంకో రెండు సందేహాలు. తొమ్మిది మందికి ఏ బండి మంచిది? అమ్మ జలపాతం దాకా రాలేకపోతే ఆమెను ఎక్కడ ఉంచాలి? ఏనుగుల గురించి కూడా విన్నాం, అది ఎంతవరకు భయపడాల్సిన విషయం?

ఘాటు_రెండో_గేరు:

బండి గురించి నేను చెబుతా. తొమ్మిది మందికి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ ఒకటి చాలు. రెండు కార్లయితే పెద్దవాళ్ళొకదాంట్లో పిల్లలొకదాంట్లో, ఘాటులో ఒకదానికోసం ఒకటి ఆగడం, అదంతా ఎందుకు. మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. చాలామంది రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్ల లెక్క కడతారు. మీరు తిరిగేది రానూపోనూ 130 లోపే. అందుకని కిలోమీటర్ల లెక్కన కాకుండా "తలకోన రానూపోనూ, పొద్దున ఐదున్నర నుంచి సాయంత్రం ఆరున్నర" అని ఒకే మొత్తానికి మాట్లాడండి. డ్రైవర్ బత్తా, పార్కింగ్, అడవి గేటులో బండి రుసుము అందులోనే ఉన్నాయా లేదా ముందే తేల్చుకోండి. సాయంత్రం గొడవలన్నీ ఈ మూడింటి దగ్గరే వచ్చేది.

ఇప్పుడు ఘాటు. పొయ్యేటప్పుడు భాకరాపేట ఘాటు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. ప్రమాదం దిగుడులోనే. 2022 మార్చిలో పెళ్ళివాళ్ళ బస్సు లోయలో పడింది ఈ ఘాటులోనే, రాత్రిపూట. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద దిగాలి. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద కాలు అట్టే పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది. డ్రైవర్ న్యూట్రల్ చేస్తున్నట్టు ఇంజిన్ శబ్దం తగ్గితే మొహమాటపడకుండా చెప్పండి. డిసెంబర్‌లో ఐదూ ముప్పావుకే పొద్దు గూకుతుంది. మూడున్నరకు కదిలితే నాలుగుంబావు, నాలుగున్నరకల్లా వెలుతురులో ఘాటు దిగేస్తారు. వంపుల్లో బండి ఆపి ఫోటోలు తీయడం వద్దు, వెనకనుంచి వచ్చే లారీకి మీరు కనబడరు.

కొండల అందం చూడాలంటే ఘాటు దిగాక ఉంది అసలైనది. రంగంపేట నుంచి శ్రీనివాస మంగాపురం దాకా తిరుపతి వైపు వచ్చేటప్పుడు శేషాచలం ఎడమ చేతి వైపు గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. సాయంత్రం పొద్దు మీ వెనకనుంచి ఆ రాతి గోడ మీద పడుతుంది. నాలుగు ముప్పావు నుంచి ఐదున్నర మధ్య ఆ రాయి ఎర్రగా కాలిన ఇటుక రంగుకు తిరుగుతుంది. పిల్లల్ని ఎడమవైపు కిటికీల దగ్గర కూర్చోబెట్టండి. మంగాపురం గుడి దగ్గర దిగి చూస్తే కొండంతా ఒక్క చూపులో వస్తుంది, అమ్మ ఒక్క మెట్టు ఎక్కే పని లేదు.

మ్యూజియం మాట. చంద్రగిరి కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. మీరు వెళ్ళేది శుక్రవారమే. దాన్ని శనివారం పొద్దునకు మార్చుకోండి, తిరుపతికి 12 కిలోమీటర్లే కదా.

కొండదారి:

ఏనుగుల గురించి. తలకోన చుట్టుపక్కల అడవుల్లో ఏనుగులు తిరుగుతున్నాయి, భాకరాపేట, చంద్రగిరి వైపు పొలాల మీదికీ వస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో తెల్లవారకముందే కాలినడకన వస్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. వాళ్ళు బయల్దేరింది తలకోన గుడికే. అది అవతలి వైపు నుంచి అడవిని దాటి వచ్చే కాలిబాట. మీరు వెళ్ళేది తారు రోడ్డు, గేటు, జనం నడిచే దారి. కాబట్టి భయంతో ప్రయాణం మానుకోవద్దు. చీకట్లో నడవకపోవడం, గైడు "ఈ రోజు అటు వద్దు" అంటే వాదించకపోవడం, ఈ రెండూ పాటిస్తే చాలు. దారిలో తాజా లద్దె కనబడితే, వెదురు విరిగి ఉంటే, అక్కడే వెనక్కి తిరగండి. లద్దె నుంచి ఆవిరి వస్తుంటే ఏనుగు దగ్గర్లోనే ఉన్నట్టు.

కోతుల బెడద మాత్రం ప్రతి రోజూ ఉండేదే. పాలిథిన్ కవర్ చప్పుడు వింటే చాలు, అందులో తిండి ఉందని వాటికి తెలుసు. ఆరేళ్ళ పిల్లాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టి నడిపించడం కరవమని పిలిచినట్టే. తిండి అంతా జిప్పు ఉన్న బ్యాగులో, పెద్దవాళ్ళ వీపు మీద. కోతి బ్యాగు పట్టుకుంటే లాక్కోవద్దు, వదిలేయండి. కరిచినా, గోరు గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించాలి.

ఇంకొకటి, పైన బండ చరియలకు తేనెపట్లు వేలాడుతుంటాయి. కొండ తేనెటీగలు. కింద పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు, ఘాటైన సెంటు పూసుకుని వెళ్ళొద్దు. లేస్తే నీళ్ళలోకి దూకడం కాదు, ముఖం గుడ్డతో కప్పుకుని వచ్చిన దారినే నడక వేగం పెంచి దూరం పోవాలి.

నెరబైలు_అక్క:

తమ్ముడూ, అమ్మగారి గురించి చెబుతాను. తలకోనలోనే ఉన్న సిద్ధేశ్వరస్వామి గుడి దాకా పెద్దగా ఎక్కే పని లేదు. గుడి దగ్గర నీడ ఉంది, పక్కనే నీళ్ళు పారుతుంటాయి, కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. అక్కణ్ణుంచి జలపాతానికి మెట్లూ రాళ్ళ దారీ, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే బాధ. ఎక్కేటప్పుడు ఉత్సాహంలో ఎక్కేస్తారు, దిగేటప్పుడు సగంలో కూలబడతారు. అమ్మను గుడి దగ్గరే ఉంచి, పెద్దవాళ్ళెవరైనా ఒకరు తోడుండండి, ఒక్కదాన్నే వదలొద్దు. అక్కడ సెల్ సిగ్నల్ సరిగ్గా దొరకదు. "దిగాక ఫోన్ చేస్తాం" అనేది కుదరదు. పన్నెండున్నరకు గుడి ముందర అని టైము, చోటు ముందే అనుకోండి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే కూడా పనిచేయదు, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, గేటులోనూ గైడుకూ.

చెప్పులు ముఖ్యం. హవాయి చెప్పులు తడి బండ మీద ఐస్ మీద వేసినట్టే. వెనక పట్టీ ఉండే, కింద గాడులున్న శాండల్స్ అందరికీ. తడిస్తే షూ కన్నా ఇవే తొందరగా ఆరతాయి.

తిండి ఇంటి నుంచే కట్టుకోండి. పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ, కారప్పొడి నూనెలో కలిపి పూసినవి. కొబ్బరి చట్నీ వద్దు, తొమ్మిదింటికే విరుగుతుంది. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం. పెరుగన్నం మామూలుగా కలిపితే ఒంటి గంటకు పులిసి పిల్లలు తినరు. అన్నం వేడిమీద మెత్తగా నలిపి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు అన్నం మునిగేదాకా పోసి, రెండు గరిటెల పెరుగు మాత్రం కలిపి, ఉప్పు చివర్న వేయండి. అది దారిలోనే తోడుకుని భోజనం వేళకు కమ్మగా ఉంటుంది. పులిహోర ఆరబెట్టి కట్టాలి, వేడిగా డబ్బాలో మూస్తే చెమట పట్టి పాడవుతుంది.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, స్టీలు బాటిళ్ళలో. జలపాతం నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి, తాగించొద్దు, పైన కోతులూ మనుషులూ అన్నీ అందులోనే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు ఒకటి, అర గ్లాసులో చిక్కగా కలిపి పిల్లలకు పట్టొద్దు, వాంతి అవుతుంది. ఘాటులో వాంతి వచ్చే పిల్లలుంటే ఖాళీ కడుపుతోనూ వద్దు, పాలు తాగించీ వద్దు, రెండు బిస్కెట్లు పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఫోన్ చేతికివ్వకుండా దూరంగా రోడ్డు వైపు చూడమనండి. విస్తరాకులైనా సరే అక్కడ పారేయకుండా ఒక గోతాంలో వేసి తిరిగి తెచ్చేయండి.

పుత్తూరు_వైపు:

ఒక చిన్న మాట. అమ్మగారు జలపాతం కింద నిలబడాలని గట్టిగా కోరుకుంటే తలకోన కన్నా కైలాసకోన నయం. ఎత్తు తక్కువ, నలభై అడుగులే. కానీ నడక చాలా తక్కువ, ఏడాదంతా ధార ఉంటుంది, శివాలయం పక్కనే. నారాయణవనం కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడితో కలిపి పూటలో అయిపోతుంది. శనివారం రాత్రి కదా రైలు, శనివారం పొద్దున అమ్మానాన్నలను అటు తీసుకెళ్ళి, పిల్లలను చంద్రగిరి మ్యూజియానికి పంపొచ్చు. అడవి, జంతువులు మాత్రం తలకోనంత ఉండవు.

రేణిగుంట_ప్రయాణికుడు:

పుత్తూరు మిత్రమా, ఇది బాగుంది, అలాగే చేస్తాం. ఆఖరిగా ఒకటి. డిసెంబర్‌లో అల్పపీడనం పడితే? ముందు రోజు వాన పడి శుక్రవారం ఎండ కాస్తే వెళ్ళొచ్చా?

కొండదారి:

ముందు రోజు రాత్రి పడి ఆగిపోయిన మామూలు వానైతే వెళ్ళొచ్చు, జలపాతం ఇంకా బాగుంటుంది. వాతావరణశాఖ తిరుపతి జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే ఆ రోజు వద్దు. 2021 నవంబర్ వానలకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. ఈ కొండల్లో నీటికి అంత బలం ఉంది. కారణం చెప్పాను కదా, పైన రాయి. పగుళ్ళలోకి దిగే నీరు నెమ్మదిగా వస్తుంది, కానీ కుండపోత పడినప్పుడు పట్టి ఉంచే మట్టి లేక మిగతా నీరంతా బండల మీద నుంచి ఒక్కసారిగా జారుతుంది. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా, పైన కొండ మీద పడిన వాన అరగంటలో మీ దగ్గరికి రావచ్చు.

మడుగు దగ్గర కూర్చునే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, లేదా నీరు తాకే చోట బండ మీద ఒక రాయి పెట్టండి. పది నిమిషాలకోసారి చూడండి. రాయి తడిసిందంటే నీరు పెరుగుతోంది. తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకు రావడం, చప్పుడు లోతుగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా సామాన్లు కూడా చూసుకోకుండా పిల్లలతో పక్క గట్టు ఎక్కేయండి. నీటి వెంట కిందికి పరుగెత్తొద్దు, అది మీకన్నా వేగం.

మడుగులో ఎవరినీ దూకనివ్వకండి. పైకి లోతుగా కనబడుతుంది, లోపల పెద్ద పెద్ద బండల మధ్య సందులు. దూకినవాడి తలో కాలో ఆ సందులో ఇరుక్కుంటే పైనున్నవాళ్ళు ఏమీ చేయలేరు. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువగా ఇలా పోతున్నారు. నేరుగా ధార పడే చోట కూడా నిలబడొద్దు, 270 అడుగుల నుంచి నీటితోపాటు చిన్న రాయి వచ్చినా తల పగులుతుంది. పాచి ఎక్కువగా ఉండేది నీరు జోరుగా పారే చోట కాదు, పలచగా చెమ్మగా ఉండే బండల మీద. ముదురాకుపచ్చ, నలుపు కలిసిన మెరుపు కనబడితే అక్కడ అడుగు వేయొద్దు. పొడి బండ దొరికేదాకా చుట్టు తిరిగి వెళ్ళండి. పదమూడేళ్ళ పిల్లాడిని మాత్రం మీ కళ్ళెదుటే ఉంచుకోండి. చిన్నవాళ్ళు చెయ్యి పట్టుకునే ఉంటారు, బండ మీద నుంచి బండ మీదికి దూకేది ఆ వయసు వాళ్ళే.